గుసగుసకి ఎన్ని రెట్లు

శనివారం మధ్యాహ్నం రెండూ ముప్పై అయిదుకి నేను సంగీత సభ ఇంటి గుమ్మం దాటాను. నాలుగింటికి వగీహ్ ఫైలు జడ్జి బల్ల మీదికి వెళ్ళిపోతుంది. అంటే నా చేతిలో ఉన్నది గంటా పాతిక నిమిషాలు. ఇన్‌స్పెక్టర్ షేద్లీ వర్తానీ ఆ సంగతి నన్ను మర్చిపోనివ్వలేదు.

"ఎనభై అయిదు నిమిషాలు, మేడమ్ బెహీజా," అన్నాడు చేతి గడియారం తట్టి చూపిస్తూ. "మీ రేడియో రోజుల్లో అయితే ఈపాటికి నాలుగు పాటలు వేసి, వార్తలు కూడా చదివేసేవాళ్ళు."

"మా రేడియోలో వార్త చదివేముందు నిజమో కాదో చూసుకునేవాళ్ళం, సీ షేద్లీ."

వెనక నిలబడ్డ అతని డ్రైవరు నూరీ నవ్వాపుకోలేక దగ్గాడు. మర్యాదస్తుడు. మగవాళ్ళని సీ అనీ, ఆడవాళ్ళని లల్లా అనీ గౌరవంగా పిలవడం మా తూనిస్ అలవాటు, ఇన్‌స్పెక్టర్ మాత్రం నన్ను మేడమ్ అనే అంటాడు. నేను ఎప్పుడు కనిపించినా "కాఫీ తెమ్మంటారా లల్లా, నారింజపూల నీళ్ళు కలిపించి?" అని అడుగుతాడు. ఆ రోజూ అడిగాడు. తెమ్మన్నాను. ఇన్‌స్పెక్టర్ మొహం మాడ్చుకున్నాడు, అతన్ని మాత్రం ఎవరూ అడగరు మరి.

కేసు చెప్పాలంటే రెండు ముక్కలు. గురువారం సాయంత్రం నాలుగుకీ అయిదుకీ మధ్య, సభ హాల్లో అద్దాల బీరువాలోంచి రెండు వందల ఏళ్ళనాటి రబాబ్ మాయమైంది. రెండు తీగల చిన్న వాద్యం, చంకలో పెట్టుకుని పోవచ్చు. మా తూనిస్ పాత పాటలకి అదే ప్రాణం. బీరువా తాళం పగల్లేదు. ఉన్నవి రెండే తాళంచెవులు. ఒకటి సభ అధ్యక్షుడు సీ హమ్మాదీ దగ్గర, రెండోది ఆంప్లిఫయర్ బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీ, ఉస్తా వగీహ్ దగ్గర, ఎందుకంటే మైకు వైరు బీరువా వెనకనించి పోతుంది. వగీహ్ ఈజిప్టువాడు. ఎనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో రేడియోలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. నాలుగింటికి సోల్డరింగు తీగ కొనుక్కొస్తానని బయటికెళ్ళానంటాడు. దుకాణం మూసి ఉందంటాడు. చూసినవాడు లేడు.

ఫైలు జడ్జి దగ్గరికి పోతే ముందు జైలు, తరవాత దేశంలోంచి గెంటివేత. అతని భార్య సల్లూహా ఈ ఊరి పిల్లే. ఇద్దరు ఆడపిల్లలు. రేడియో మానేశాక ఇలాంటి చిక్కులు విప్పడానికి నేను పెట్టుకున్న ఆఫీసుకి సల్లూహా నిన్న వచ్చి, ఏడవకుండా కూర్చుని ఒకే మాట చెప్పింది. "మా ఆయన నా కుస్కుస్‌లో ఉప్పెక్కువైతే మొహమ్మీదే చెప్పేస్తాడు లల్లా. అబద్ధం ఆడటం చేతకాదు ఆయనకి." నాకు ఆ సాక్ష్యం చాలు. కోర్టుకి చాలదు, అదే చిక్కు.

కోర్టుకి పనికొచ్చే సాక్షి ఒకావిడ ఉంది. మేడ మీద ఆడపిల్లలకి పాటలు నేర్పే లల్లా మొంజియా. డెబ్భై ఆరేళ్ళు, చూపు దాదాపు పోయింది. హాల్లో మైకు, మెట్ల కింద గదిలో ఆంప్లిఫయర్, మేడ మీద ఆవిడ గదిలో స్పీకరు. హాల్లో మగవాళ్ళు పాడేది పైన ఆడపిల్లలు వినడానికి ఆ ఏర్పాటు. గురువారం నాలుగూ పాతికకి, సాయంత్రపు అజాన్ అయిన వెంటనే, ఆ స్పీకర్లో ఒక గుసగుస విన్నానంటుంది ఆవిడ. "ఈజిప్టువాడు అయిదు దాకా రాడు. పెట్టె పట్టుకో, తీగలు తగలనీకు." ఈజిప్టువాడు లేనప్పుడు ఇద్దరు దొంగలు మాట్లాడుకున్నారంటే వగీహ్ బయటపడ్డట్టే.

"విననే లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆవిడ రేడియోని వాడు ఊరికే బాగుచేసి పెడతాడు. పాపం, వాడి మీద అభిమానం. ఆ అభిమానంతో కథ అల్లింది. ఆ డబ్బా ఆ రోజు దేన్నీ పెంచలేదు మేడమ్. వాడి నోటుబుక్కులో వాడి చేత్తోనే రాసుకున్నాడు, గురువారం మూడూ యాభైకి. గెయిన్ ఒకటి పాయింటు సున్నా. ఒకటి పెడితే ఒకటే వస్తుంది. ముసలావిడ అబద్ధపు సాక్ష్యం మీద కూడా కాగితం రాస్తున్నాను."

నా ఒళ్ళు మండింది. డెబ్భై ఆరేళ్ళ గురువుని, తాను పుట్టకముందునించీ పాడుతున్న మనిషిని, ఒక అంకె చూపించి అబద్ధాలకోరని రాస్తాడట! కానీ కోపంతో లెక్కలు తెగవని నాకు పన్నెండేళ్ళ రేడియో కొలువు నేర్పింది. ముందు అధ్యక్షుణ్ణి పలకరించాను.

సీ హమ్మాదీ హాల్లో కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఎర్రటోపీ, ఇస్త్రీ చొక్కా, తెల్లగడ్డం. స్కూల్లో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరయ్యాడు. చెప్పే ప్రతి మాటా నల్లబల్ల మీద రాస్తున్నట్టే చెబుతాడు.

"గురువారం నాలుగింటికి ఎక్కడున్నారు?" అన్నాను.

"మా ఇంట్లో. నిద్ర. ఆరూ పావుకి సీ షేద్లీ ఫోను చేస్తే లేచి వచ్చాను."

"మీరొచ్చేసరికి వగీహ్ నోటుబుక్కు ఎక్కడుంది?"

"అప్పటికే ఇన్‌స్పెక్టర్ గారు కవర్లో పెట్టి లక్క వేసేశారు. పోలీసు పని పద్ధతిగా జరిగింది తల్లీ, అందులో వంక పెట్టడానికి లేదు."

"స్పీకర్లో విన్నానంటున్న లల్లా మొంజియా మాట?"

ఆయన జాలిగా నవ్వాడు. "మొంజియా గొప్ప గాయని. కానీ సైన్సు సైన్సే. వాడు పేజీ అడుగున ఆకుపచ్చ సిరాతో రాసి, కింద రెండు గీతలు కొట్టి మరీ తేల్చాడు, ఒకటి పాయింటు సున్నా అని. అలాంటి డబ్బా ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే."

"మీకు ఈ వాల్వులూ ట్రాన్సిస్టర్లూ అర్థమవుతాయా?"

"లోపలి సంగతులు అక్కర్లేదు. అంకె వస్తే చాలు."

అప్పుడే నూరీ కాఫీ తెచ్చాడు. ఒకటి నాకు, ఒకటి సీ హమ్మాదీకి. ఆయన కప్పు అందుకుంటూ నూరీ వంక చూడలేదు, థాంక్స్ చెప్పలేదు. స్కూలు మాస్టర్లు సాధారణంగా అంత మర్యాద తప్పరు. నేను కాఫీ రెండు గుక్కల్లో తాగేసి లేచాను. టైము రెండూ యాభై ఆరు.

మెట్ల దగ్గర ఇన్‌స్పెక్టర్‌ని ఆపి మెల్లిగా అడిగాను. "ఆ పేజీ సీ హమ్మాదీకి చూపించారా?"

"ఎవరికీ చూపించలేదు. అంకె చెప్పాను, అంతే. ఎందుకు?"

"సిరా రంగు చెప్పారా?"

"సిరా రంగుతో నాకేం పని? మేడమ్, మీరు టైము లాగుతున్నారు."

అవునన్నట్టు తలూపి మెట్ల కింద గది తలుపు తీశాను. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడు, లేకపోతే ఇంట్లో నిద్రపోయినవాడికి లక్క వేసిన పేజీలో సిరా రంగు ఎలా తెలిసింది? కానీ సిరా రంగు ఒక్కటే పట్టుకుపోతే సీ హమ్మాదీ 'నువ్వే చెప్పావు కదయ్యా' అని ఇన్‌స్పెక్టర్ మీదికి తోసేస్తాడు. ఇన్‌స్పెక్టరుకి తను చెప్పిందేమిటో, చెప్పనిదేమిటో అంత గట్టిగా గుర్తుండదు. ముందు ఆ డబ్బా పలుకుతుందో లేదో తేలాలి.

ఆంప్లిఫయర్ గూట్లో ఉంది. ప్లగ్గు పీకించి మూత విప్పాను. కెపాసిటర్ల కాళ్ళ మధ్య స్క్రూడ్రైవర్ ఆనించగానే ఠప్పుమని నిప్పురవ్వ లేచింది. ఇన్‌స్పెక్టర్ రెండడుగులు వెనక్కి గెంతాడు.

"భయపడకండి. మిగిలిన ఊపిరి తీసేశాను. ఇప్పుడిది కరవదు."

లోపల చూడగానే వగీహ్ మీద గౌరవం పెరిగింది. ముందు సగం పాత వాల్వు, వెనక సగం కొత్త ట్రాన్సిస్టర్లు. పాత ఔట్‌పుట్ వాల్వులు కాలిపోతే, అవి ఇప్పుడు దొరకవు కాబట్టి, ముందున్న వాల్వుని అలాగే ఉంచి వెనక ట్రాన్సిస్టర్లు కట్టాడు. అత్తనీ కోడల్నీ ఒకే వంటింట్లో పెట్టినట్టు. రెండువందల వోల్టులు లేకపోతే అత్త పలకదు, అంత పెడితే కోడలు మాడిపోతుంది. మధ్యలో ఒక కెపాసిటర్ని గోడలా నిలబెట్టి ఇద్దర్నీ కాపురం చేయించాడు. అతుకులు ముత్యాల్లా ఉన్నాయి.

"సీ షేద్లీ, సిగరెట్ పెట్టె ఉందా? దాని వెనక రాయండి. లెక్క మీ చేతే చేయిస్తాను. తరవాత నేనేదో గారడీ చేశానంటారు."

"లెక్కల్లో నేను క్లాసు ఫస్టు," అన్నాడు రోషంగా. కలం తీశాడు.

"ఈ రకం వాల్వు సత్తా డెబ్భై రెట్లు. మా రేడియో బల్ల దగ్గర ఎక్కాలకన్నా ముందు ఇవి బట్టీ పట్టించేవాళ్ళు. కానీ ఆ డెబ్భై పూర్తిగా మన చేతికి రాదు. దాని కడుపులో నలభై నాలుగు వేల ఓముల అడ్డు ఉంది. పుట్టిన వోల్టేజీని ఆ లోపలి అడ్డూ, బయట మనం పెట్టిన లోడూ పంచుకుంటాయి. లోడు వాటాయే మనది."

"లోడు ఎంత?"

"ఈ రెసిస్టర్ చూడండి. గోధుమ రంగు, నలుపు, పసుపు. లక్ష ఓములు."

"అయితే లక్షకీ నలభై నాలుగు వేలకీ వాటాలు..."

"తొందరపడకండి. అక్కడే అందరూ బోల్తా పడతారు. వెనక ట్రాన్సిస్టర్ ఊరుకోదు, అది కూడా ఈ వాల్వు మీదే వేలాడుతుంది. దాని కింది కాలికి వెయ్యి ఓములు కట్టాడు. ఈ రకం ట్రాన్సిస్టర్ ఎనభై రెట్లది. అంటే వాల్వు వైపునించి చూస్తే అది ఎనభై వేల ఓముల బరువు. లక్ష ఓములదీ ఎనభై వేలదీ సమాంతరంగా పక్కపక్కన ఉంటే ఎంతవుతుంది, క్లాసు ఫస్టు?"

అతను పెదాలు కదిలిస్తూ గుణించాడు, కూడాడు, భాగించాడు. "నలభై నాలుగు వేలు. కొంచెం పైన."

"లోపల నలభై నాలుగు, బయట నలభై నాలుగు. చెరి సగం. డెబ్భైలో సగం?"

"ముప్పై అయిదు."

"అది వాల్వు ఇచ్చేది. ఇక ట్రాన్సిస్టర్. పైకాలికి మూడు వేలు, కింది కాలికి వెయ్యి. పై దాన్ని కింది దాంతో భాగిస్తే మూడు రెట్లు. చివర ఉన్న ఈ రెండు లావుపాటివి కండబలం ఇస్తాయి గానీ రెట్లు పెంచవు. ఒకటి కిందే లెక్క."

"ముప్పై అయిదు మూళ్ళు..." అతను ఆగిపోయాడు. "నూట అయిదు."

"మామూలు మాటకి ఆ మైకూ దాని ట్రాన్స్‌ఫార్మరూ కలిసి వోల్టులో వందో వంతు ఇస్తాయి. గుసగుసకి వెయ్యో వంతు. మీరన్నట్టు గెయిన్ ఒకటే అయితే ఆ వెయ్యో వంతు స్పీకర్లో దోమ పాటి చప్పుడు కూడా చెయ్యదు. నూట అయిదు రెట్లయితే వోల్టులో పదో వంతు దాటుతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, చూపులేక చెవుల మీదే బతికే మనిషికి, అది బాగా వినపడుతుంది."

అతను సిగరెట్ పెట్టె చూశాడు, నన్ను చూశాడు. పట్టు వదల్లేదు. మూడూ పన్నెండు అయింది.

"ఇది కాగితం లెక్క. కట్టినవాడే కొలిచి ఒకటి పాయింటు సున్నా అని రాసుకున్నాడు. 'ఇది నీ రాతేనా' అంటే 'నాదే' అన్నాడు. 'ఈ అంకె నీదేనా' అంటే 'నాదే' అన్నాడు. మీరు కట్టలేదు, వాడు కట్టాడు. నేనెవర్ని నమ్మాలి?"

"ఆ పేజీ నాకొకసారి చూపించండి."

గొణుక్కుంటూ సంచీలోంచి కవరు తీసి లక్క తెంచాడు. నోటుబుక్కు తెరిచాడు. పేజీ అడుగున ఆకుపచ్చ సిరా, కింద రెండు గీతలు. మధ్యలో ఒక నిలువు గీత, దాని పక్కన చుక్క, దాని పక్కన చిన్న గుండ్రం.

నాకు ముందు నవ్వొచ్చింది. తరవాత కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ రెండూ వెంటవెంటనే రావడం ఇన్‌స్పెక్టర్‌కి నచ్చలేదు.

"ఏమైంది మేడమ్?"

"ఈ పేజీలో మిగతా అంకెలు చదవండి."

"అవి కోడి గీతలు. తిరగేసిన మూడులూ, తలకిందులైన గొడుగులూ. నాకర్థమైంది ఇదొక్కటే."

"అదొక్కటే అర్థం కాలేదు మీకు. వగీహ్ ఎక్కడివాడు?"

"ఈజిప్టు."

"మనం అంకెలు ఎలా రాస్తాం? ఫ్రెంచివాళ్ళలాగే. మన అల్జీరియా వాళ్ళూ మొరాకో వాళ్ళూ అంతే. ఈజిప్టు వాళ్ళు అలా రాయరు. వాళ్ళకి సున్నా అంటే గుండ్రం కాదు, చుక్క. గుండ్రంగా రాస్తే అది అయిదు. నేను కొత్తగా కొలువులో చేరినప్పుడు కైరోనించి వచ్చిన టేపు పెట్టె మీద పదిహేను నిమిషాలని ఉంటే పది అనుకుని, పాట మధ్యలో కోసేసి వార్తలు పెట్టాను. ఊరంతా తిట్టింది. అందుకే నాకు జన్మలో మరుపు రాదు. ఇప్పుడు చదవండి. ఒకటి. చుక్క, అంటే సున్నా. గుండ్రం, అంటే అయిదు."

అతని కలం కొన మెల్లిగా ఆ మూడు గుర్తుల మీద కదిలింది. గుండ్రం దగ్గర ఆగింది. నేనే సాయం చేశాను.

"నూట అయిదు. మీ సిగరెట్ పెట్టె మీదున్నదే."

షేద్లీ వర్తానీ చెడ్డవాడు కాదు. తొందరపాటు మనిషి, ఎకసెక్కాల మనిషి, నన్ను చూస్తే అతనికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది, అంతే. ఆ నిమిషాన అతని మొహంలో నాకు కనపడ్డది సిగ్గు. రెండు రోజులనించీ ఒక తండ్రిని గదిలో పెట్టి తాళం వేశాడు, అదీ ఒక గుండ్రాన్ని చూసి.

"ఇది చాలదు," అన్నాడు చివరికి, కానీ గొంతు వేరుగా ఉంది. "వినపడొచ్చు అని తేలింది. వినపడింది అని తేలలేదు. పై ఆఫీసరు దగ్గర నేను నిలబడాలంటే..."

"నాకు పది నిమిషాలివ్వండి. నేను హాల్లో ఒక అబద్ధం చెబుతాను. మీరు మొహం అదుపులో పెట్టుకోండి, చాలు. పైన ఏమీ వినపడకపోతే లల్లా మొంజియా సాక్ష్యం నేనే వెనక్కి తీయిస్తాను, ఆవిడ మీద కాగితం రాయనని మీరు మాటిస్తే."

అతను గడియారం చూసుకున్నాడు. మూడూ ఇరవై ఎనిమిది. "ఇచ్చాను."

ఆంప్లిఫయర్ మూత బిగించి ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను. వాల్వు ఎర్రబడింది. గది తలుపు మూసి హాల్లోకి వెళ్ళాను. మైకు స్టాండు బీరువా పక్కనే ఉంది, సీ హమ్మాదీ కుర్చీకి నాలుగడుగుల దూరంలో.

"మీరే గెలిచారు మాస్టారూ," అన్నాను చేతులు జాడిస్తూ. "విప్పి చూశాను. ఒకటికి ఒకటే. ఆ డబ్బా చచ్చిన గాడిద. లల్లా మొంజియా చేత సంతకం పెట్టించుకొస్తాం. మీ సంతకం కూడా కావాలి, కాస్త కూర్చోండి."

"ఓడిపోయినందుకు బాధపడకు తల్లీ," అన్నాడాయన పెద్దరికంగా. "ఆడపిల్లవి, ఇంతదాకా రావడమే ఎక్కువ."

నాకు యాభై మూడేళ్ళు. ఆ ఆడపిల్లవి అన్న మాట తరవాత తీరిగ్గా వసూలు చేద్దామని మింగేశాను. ఇన్‌స్పెక్టర్ నూరీతో ఖాళీ కప్పులు తీయమని చెప్పి నా వెనకే మెట్లెక్కాడు.

మేడ మీద లల్లా మొంజియా స్పీకరు పక్కన చాప మీద కూర్చుని ఉంది. ఒక మూల ఫోను, పైన వెలుతురు కోసం మిద్దె మీదికి తెరుచుకునే కిటికీ. ఇన్‌స్పెక్టర్ అడుగు చప్పుడికే ఆవిడ గుర్తుపట్టింది.

"వచ్చావా నాయనా, నన్ను జైల్లో పెట్టడానికి? ముందే చెప్తున్నా, అక్కడ నా పక్క గదిలో పాటొచ్చినవాళ్ళని పెట్టు. అపస్వరం నేను భరించలేను."

"అమ్మా, కాసేపు ఊరుకో," అన్నాడు అతను, మొదటిసారి మర్యాదగా.

ముగ్గురం ఊపిరి బిగబట్టాం. స్పీకర్లోంచి సన్నటి జుమ్మనే శబ్దం. కప్పు పళ్ళెం మీద పెట్టిన చప్పుడు. కుర్చీ కిర్రుమంది. ఆ తరవాత గుసగుస. గుసగుసకి గొంతుండదు, ఎవరిదైనా ఒకలాగే ఉంటుంది. కానీ హాల్లో ఉన్నవాళ్ళు ఇద్దరే.

"...అయిపోయింది. ముసలిది సంతకం పెడుతోంది. పెట్టె ఎక్కడుంది?"

"ఎక్కడ పెట్టానో అక్కడే. మా సాహెబు కారు డిక్కీలో, దుప్పటి కింద. సాయంత్రం ఆరింటి ఓడకి. రేవులో పోలీసు ఆఫీసరు బండిని ఎవడాపుతాడు మాస్టారూ?"

లల్లా మొంజియా చేయి చాచి గాలిలో వెతికి నా వేళ్ళు పట్టుకుని గట్టిగా నొక్కింది. రెండు రోజులు అబద్ధాలకోరని అనిపించుకున్న మనిషి ఆవిడ.

షేద్లీ వర్తానీ మొహం పాలిపోయింది. నూరీ ఆరేళ్ళనించి అతని డ్రైవరు. నేను వద్దని సైగ చేసేలోపే ఇన్‌స్పెక్టర్ కూర్చున్న స్టూలు మీదినించి లేచి నిలబడ్డాడు.

"నా కారులోనా!"

స్టూలు దబ్బున పడింది. కింద మాటలు ఆగిపోయాయి. స్పీకర్లో అడుగులు, మెట్ల కింద గది తలుపు తీసిన చప్పుడు, ఆ వెంటనే సీ హమ్మాదీ గొంతు, ఈసారి గుసగుస కాదు. "ఈ డబ్బా వెలుగుతోందిరా! విన్నారు! ఫోను! ఫోను తీగ మెట్ల మలుపులో ఉంది, తెంపు!"

ఇన్‌స్పెక్టర్ ఒక్క గంతులో ఫోను దగ్గరికెళ్ళాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. ఒక్క ఫోనుకి టైముంది. రేవుకి చేస్తే రబాబ్ దొరుకుతుంది, అతని పరువు నిలుస్తుంది, సొంత డ్రైవర్ని తనే పట్టుకున్నానని చెప్పుకోవచ్చు. అతని వేళ్ళు డయల్లో తిరగడం చూస్తూ నేను అంకెలు లెక్కపెట్టాను. అది రేవు నంబరు కాదు, అతని పోలీసు స్టేషనుది.

"నేను వర్తానీ. ఉస్తా వగీహ్‌ని ఇప్పుడే వదిలెయ్. ఫైలు జడ్జి దగ్గరికి పంపకు. తప్పు నాది, నా పేరున రాయి. టైము మూడూ నలభై ఒకటి. విన్నావా?"

రిసీవర్ అతని చేతిలో మూగబోయింది. మరుక్షణం తలుపు బయట గడియ పడింది. భుజంతో రెండుసార్లు కుమ్మాడు. పాతకాలపు తలుపు, కదల్లేదు.

"విన్నాడా?" అన్నాను.

"విన్నాడు. 'వదిలేస్తున్నా సార్' అన్నాడు. తరవాతే తెగింది."

నాకు అతన్ని మొదటిసారి సీ అని మనసారా పిలవాలనిపించింది. అంతలో లల్లా మొంజియా వేలు పెదాల మీద పెట్టుకుంది. కింద వాళ్ళు హాల్లోకి తిరిగొచ్చారు. డబ్బా వెలుగుతోందని తెలిసి కూడా, పైన తలుపు వేసేశాం కదా అన్న ధీమాతో స్విచ్చి ఆపలేదు. స్పీకరు పలికింది.

"రేవు వద్దు, వాళ్ళెలాగైనా కబురు పంపుతారు," అన్నాడు నూరీ. "పెట్టె పట్టుకెళ్ళి ఆ ఈజిప్టువాడి ఇంట్లో పడేద్దాం. పెళ్ళాం పిల్లలు తప్ప ఎవరూ లేరు. సాహెబు ఫోన్లో వదిలెయ్యమని అరిచాడుగా, వాడు ఇంటికొచ్చేసరికి సరుకు వాడి మంచం కింద ఉంటుంది. ఇక ఈ ముగ్గురూ ఏం విన్నామన్నా ఎవడు నమ్ముతాడు?"

"ఆ ఆడది అరిస్తే?"

"అరవనిస్తానా?"

వీధి తలుపు ధడాల్న పడింది. తరవాత స్పీకర్లో జుమ్మనే శబ్దం తప్ప ఇంకేమీ లేదు.

సల్లూహా ఇల్లు బాబ్ సూయికా ద్వారానికి అవతల. కారు ఉన్నది ఈ సందులకి బయట, చౌకులో. వాళ్ళు నడిచి కారు దాకా పోవాలి, శనివారపు అంగడి రద్దీలో చుట్టూ తిరిగి రావాలి. మిద్దెల మీదినించి అయితే సూటిగా పదిహేను ఇళ్ళు. ఈ పాత ఊళ్ళో మిద్దెలన్నీ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. నేను తలెత్తి కిటికీ చూశాను. ఇన్‌స్పెక్టర్ కూడా చూశాడు.

"మీరు ఎక్కలేరు," అన్నాడు.

"మీరు ఒక్కరే వెళ్తే సల్లూహా తలుపు తీయదు. ఆవిడ మొగుణ్ణి పట్టుకెళ్ళింది మీరే."

అతను కిటికీ కిందికి నడిచాడు. లల్లా మొంజియా గోడ పట్టుకుని లేచి, వాళ్ళు మళ్ళీ వస్తే అడ్డంగా ఉంటుందని స్టూలు తలుపుకి ఆనించమంది. నేను చెప్పులు విడిచి, కొంగు నడుముకి చుట్టి బిగించాను. షేద్లీ వర్తానీ గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, రెండు చేతులూ కలిపి నా కాలికి మెట్టులా పట్టాడు.

"ఎక్కండి, లల్లా బెహీజా," అన్నాడు, మొదటిసారి ఆ మేడమ్ వదిలేసి.